పదికి పది

పోయిన వారం మీరు నన్ను టెలిఫోన్ ఎక్స్ఛేంజి మెట్ల మీద, చేతిలో ఒక మడత కాగితంతో వదిలేసి వెళ్ళిపోయారు. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మాది నలభై రెండిళ్ళ వీధి. నన్ను అందరూ టైపక్క అంటారు. ఆసుపత్రి డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని, టైపు కొట్టి, నెట్ మీద తిరిగి పంపడం నా పని. మంచం పట్టిన అమ్మకి మందులు రావాలన్నా, మా పొయ్యి వెలగాలన్నా అదే ఆధారం. మాతోనే ఉండే నా తమ్ముడు కంపెనీలో లైన్‌మన్, కాంట్రాక్టు మీద. ఇరవైనాలుగ్గంటలూ భుజాన నిచ్చెన మోస్తాడు కాబట్టి వాడి పేరు నిచ్చెన అయిపోయింది. కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది. ఏ కంపెనీ అని అడక్కండి. దేశం మొత్తానికీ ఉన్నది ఒక్కటే. ఇంటి ఫోనూ దానిదే, నెట్టూ దానిదే, సెల్ టవరూ దానిదే. ఆ సెల్ సిగ్నల్ కూడా మా వీధిలో మేడ మీదికెక్కితేనే దొరుకుతుంది.

మూడు నెలల కిందట, మా వీధిలోనే ఉండే రిటైరైన బడి మాస్టారి భార్యకి పట్టపగలు గుండెనొప్పి వచ్చింది. ఇంట్లో ఫోను మూగది. అరిగిపోయిన మోకాళ్ళతో ఆయన మూడంతస్తులు ఎక్కి, అంబులెన్సుకి ఫోను చేసి, మళ్ళీ దిగొచ్చేసరికి ఆవిడ చెయ్యి చల్లబడిపోయింది. అప్పుడు కదిలింది వీధి. కొత్త ఫైబర్ కేబుల్ వేయమని అర్జీ పెట్టాం. రాసింది నేను, మొదటి సంతకం నాది. ఇవాళ పదకొండు గంటలకి స్కూలు హాల్లో దాని మీద విచారణ. ఈసారి కొత్త కేబుల్ వేసే వీధుల జాబితాలోకి ఎక్కకపోతే మళ్ళీ ఐదేళ్ళదాకా మా మొహం చూసేవాడు ఉండడు.

ఇక ఆ కాగితం. దాన్ని నా చేతిలో పెట్టింది కంపెనీ ఆఫీసరమ్మ. పొద్దున్నే కబురు పెట్టి పిలిపించింది. అరిచి తిట్టే మనిషైతే నేనూ నాలుగు అనేదాన్ని. ఆవిడ కుర్చీ జరిపి కూర్చోమంది, మా అమ్మకెలా ఉందని అడిగింది, మెట్లదాకా వచ్చి సాగనంపింది కూడా.

"నిదానంగా చదువుకోండి," అంది. "విచారణలో మీరే లేచి, మాకు అంత ఇబ్బందేం లేదండీ, అర్జీ వెనక్కి తీసుకుంటున్నాం అనండి చాలు. మీ చేతిలోది నకలు, అసలు కాగితం నా ఫైల్లోనే ఉండిపోతుంది. మీ తమ్ముడి పర్మనెంట్ ఆర్డరు కూడా అదే ఫైల్లో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ."

"చెప్పకపోతే?"

"హాల్లో చదివి వినిపించాల్సి వస్తుంది. నాకూ ఇష్టం లేదు." అని లోపలికి వెళ్ళిపోయింది.

కాగితం విప్పాను. మా వీధి కేబుల్ లెక్క అది. ఒక్కో ఇంటికి రెండేసి తీగలు వెళ్తాయి. దాన్ని వాళ్ళు పెయిర్ అంటారు. కేబుల్లో మొత్తం యాభై పెయిర్లు. నలభై ఒకటి చచ్చినవి, తొమ్మిది బతికినవి. తొమ్మిదో పెయిర్ ఎదురుగా మాస్టారి ఇంటి నంబరు రాసి, కొట్టేసి, దాని పక్కన మా ఇంటి నంబరు వేసి ఉంది. పదకొండు నెలల కిందటి తేదీ. కింద మా తమ్ముడి సంతకం. తోక పొడుగ్గా లాగే ఆ సంతకం నాకు వాడి స్కూలు రోజులనుంచీ తెలుసు.

మెట్లు ఎలా దిగానో తెలీదు. మా వీధి మలుపు తిరిగేసరికి టైలరమ్మ గుమ్మంలోంచి కేకేసింది.

"టైపక్కా! ఇవాళ ఆ దొంగ సచ్చినోళ్ళని కడిగి పారెయ్యి. నా పిల్ల పరీక్ష ఫారం నింపుదామంటే రాత్రంతా నెట్‌లో ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది. నాకే కళ్ళు తిరిగాయి."

"అలాగే" అన్నాను.

మా వీధికి కంపెనీ మీద ఉన్న కోపం ఇంతా అంతా కాదు. పొద్దున లేస్తే దేవుడికంటే ముందు దాన్నే తలుచుకుంటారు, తిట్టడానికి. అత్తని తిట్టలేని కోడలూ, ఆఫీసులో నోరెత్తలేని మొగుడూ ఆ కసంతా దీని మీద తీర్చుకుంటారు. నిచ్చెన సంగతి వేరు. నిచ్చెన మా వాడు. ఎండనక, వాననక స్తంభం ఎక్కేవాడు. పాపం, వాడేం చేస్తాడు, పైవాళ్ళు అలాంటివాళ్ళు, అంటారు.

ఆ 'పాపం' అనే మాటే మా కొంప ముంచింది. లైను బాగుచేయగానే ఇంటి ఫోనుకి కంపెనీనుంచి సర్వే ఫోను వస్తుంది. మా సేవకి పదికి ఎన్ని మార్కులు ఇస్తారు అని అడుగుతారు. పది కంటే ఒక్కటి తగ్గినా లైన్‌మన్ జీతంలో కోత, పర్మనెంటు మీద గీత. అందుకని మావాడు బాగుచేసిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి, "పిన్నీ, పది చెప్పండి పిన్నీ" అని బతిమాలేవాడు. ఫోను వచ్చే అరగంటసేపు లైను నిక్షేపంలా ఉండేది. కంపెనీని అప్పటిదాకా తిట్టిన నోటితోనే అందరూ పదికి పది వేసి పెట్టేసేవాళ్ళు. ఆ సాయంత్రానికల్లా లైను మళ్ళీ చచ్చేది. రికార్డుల్లో మాత్రం దేశంలోకెల్లా సంతోషంగా ఉన్న వీధి మాదే.

ఒక్క ఫిర్యాదే ఇంకా మూతపడలేదు. మాస్టారిది. అంతకుముందు ఎనిమిది నెలలు ఫోను మూగగా పడున్నా, "కుర్రాడికి చెడ్డపేరు వస్తుందిలే" అని ఆయన ఫిర్యాదే చేయలేదు. భార్య పోయిన మర్నాడు మాత్రం చేశారు. జీవితంలో అదొక్కటే. తమ్ముడు దాన్ని ముట్టుకోలేదు. పెండింగులో ఫిర్యాదు ఒక్కటైనా లేని వీధి జాబితాలోకి రాదని విచారణ నిబంధన. అంటే మా అర్జీ మొత్తం ఆ ఒక్క ఫిర్యాదు మీద నిలబడి ఉంది.

వీధి మలుపులో ఇనప పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు మావాడు. పెట్టె తలుపు తెరిచి ఉంది. లోపల రంగురంగుల తీగలు దువ్వని జుట్టులా చిక్కుపడి ఉన్నాయి. నిచ్చెన గోడకి ఆనించి ఉంది.

"ఏరా, తొమ్మిదో పెయిర్ ఎవరిదిరా?"

చేతిలో పట్టకారు ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరిదని అడుగుతున్నాను."

"మాస్టారిది." తల ఎత్తలేదు.

"ఎందుకు తీశావు?"

"నువ్వే కదక్కా అడిగావు? రెండో వార్నింగ్ వచ్చింది, ఇంకొక్కసారి ఫైలు ఆలస్యమైతే పీకేస్తారని ఏడ్చావు. నీ చేతిలో పనే కదరా, ఏదో ఒకటి చెయ్యి అన్నావు. చేశాను."

"ఆయనది లాక్కొచ్చి నాకు పెట్టమన్నానా?"

"మరి ఎక్కణ్ణుంచి తేనూ?" అప్పుడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బతికున్నవి తొమ్మిది. ఇళ్ళు నలభై రెండు. గట్టిగా అరిచినవాళ్ళకి పెడతాను, అరవనివాళ్ళది తీస్తాను. రిపేరంటే అదే అక్కా. పదకొండేళ్ళుగా నేను ఈ వీధిలో చేస్తున్న రిపేరంతా అదే. టైలరమ్మకి పెడితే మందుల షాపాయనది పోతుంది. ఆయన అరిస్తే ఇంకొకరిది పోతుంది. మాస్టారు అరవడు."

వీధిలో వాళ్ళంతా వీణ్ణి నెత్తిన పెట్టుకుంటున్నారు. ఒకరింట్లో దీపం ఆర్పి ఇంకొకరింట్లో వెలిగిస్తున్నాడని ఎవరికీ తెలీదు.

"ఆవిడ పోయినప్పుడైనా చెప్పాలని అనిపించలేదట్రా నీకు?"

"చెప్తే? ఆవిడ లేచొస్తుందా?" అని, గొంతు తగ్గించాడు. "నన్నంటావు గానీ, నువ్వు అడిగావా? వీధంతా నెట్ లేక తల బాదుకుంటుంటే నీదొక్కటే ఆగకుండా నడుస్తోందే, ఎందుకురా అని ఒక్కనాడైనా అడిగావా?"

అడగలేదు. ఇక్కడ మీకు అబద్ధం చెప్పి ఏం లాభం? అడగలేదు. పైగా టైలరమ్మ దగ్గర కూర్చుని, "నాదీ పొద్దుట్నించీ లేదండీ, ఖర్మ" అని నోటికొచ్చిన అబద్ధం ఆడేదాన్ని. అందరితోపాటు కంపెనీని తిట్టి, ఇంటికొచ్చి తలుపేసుకుని, మాస్టారి తీగ మీద నా ఫైళ్ళు పంపుకునేదాన్ని. ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం ఎనిమిది ఫైళ్ళు పంపాను. ఒక్కసారి కూడా లైను తెగలేదు. ఆ సంగతి ఇప్పటికీ బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు నేను సంతోషించాను.

"తీసెయ్," అన్నాను.

"ఏంటి?"

"నాది పీకి ఆయనది ఆయనకి పెట్టెయ్. ఇప్పుడే."

"నీ పని పోతుందే అక్కా. అమ్మ మందులు..."

"తీసెయ్యమంటున్నానా లేదా!"

వాడు రెండు తీగలు విప్పాడు, పక్కకి తిప్పాడు, మళ్ళీ బిగించాడు. అంతే పని. నేను సెల్‌లో టైము చూసుకున్నాను. పది నలభై.

మనసు తేలికైంది. సిగ్గులేని మాటే గానీ నిజం. హాల్లో అర్జీ వెనక్కి తీసుకోకూడదని అక్కడే తేల్చుకున్నాను. ఆవిడ కాగితం తీసేలోపే, మైకు నా చేతిలో ఉండగానే, ఆ లైను నేనే వాడుకున్నానని మాస్టారి మొహం చూసి చెప్పేస్తాను. తమ్ముడి పర్మనెంటు గాలికి పోతుంది. నా పని ఎలాగూ పోయింది. కనీసం వీధికి కేబుల్ వస్తుంది. అదొక్కటి దక్కితే చాలు అనుకున్నాను.

స్కూలు హాలు నిండిపోయింది. పిల్లల బల్లల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని ఇరుక్కుని కూర్చున్నారు. వేదిక మీద విచారణాధికారి, దగ్గుతూ ఉండే ఒక పెద్దాయన. పక్కన ఆఫీసరమ్మ, ఒడిలో ఫైలు. గోడ మీద తెరలో కంపెనీ లెక్కలు చూపిద్దామని గుమాస్తా తంటాలు పడుతున్నాడు. తెర మీద గుండ్రం తిరుగుతోంది. హాలంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది.

"చూశారా దొరగారూ! మేం నోరు విప్పక్కర్లేదు!" అని టైలరమ్మ అరిచింది.

విచారణాధికారి నవ్వలేదు. "అర్జీదారులు చెప్పండి," అన్నాడు.

వెళ్ళి మైకు చేతిలోకి తీసుకున్నాను. తమ్ముడు వెనక తలుపు దగ్గర, నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ముందు వరసలో మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన ఎప్పుడూ ఆలస్యంగా రారు. ఆఫీసరమ్మ నన్ను చూసి చిన్నగా తల ఊపింది, మాట గుర్తుందా అన్నట్టు. నేను అర్జీ విప్పాను.

"మేం వెనక్కి తగ్గడం లేదండీ," అన్నాను. చప్పట్లు మోగాయి. "ఈ వీధిలో ఒక మనిషి ఫోను లేక చచ్చిపోయింది. ఆ ఫిర్యాదు మూడు నెలలుగా అలాగే పడి ఉంది. మీ నిబంధన ప్రకారం ఆ ఒక్కటి చాలు."

ఆఫీసరమ్మ మొహంలో రంగు మారింది. చెయ్యి ఫైలు మీదికి పోయింది.

"ఆ ఫిర్యాదు సంగతి చూడండి," అన్నాడు విచారణాధికారి గుమాస్తాతో.

గుమాస్తా తెర వైపు చూశాడు. గుండ్రం తిరుగుతూనే ఉంది. సెల్ తీశాడు, సిగ్నల్ లేదు. చివరికి ఎక్స్ఛేంజికి ఫోను చేయడానికి మేడ మీదికి పరిగెత్తాడు. జనం ఈలలేశారు. మందుల షాపాయన లేచి, "రాసుకోండి సారూ, ఇది కూడా రాసుకోండి" అన్నాడు. ఎవరూ ఏమీ రాసుకోలేదు.

అప్పుడు వచ్చారు మాస్టారు. చెమటలు కక్కుతూ, మొహం వెలిగిపోతూ. మూడు నెలల్లో ఆయన మొహం అలా చూడలేదు నేను. కుర్చీలో కూర్చుని నా వైపు చెయ్యి ఊపారు.

గుమాస్తా ఆయాసపడుతూ దిగొచ్చి, చీటీ పెద్దాయన ముందు పెట్టాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు, మళ్ళీ చదివాడు.

"ఆ ఫిర్యాదు పెండింగులో లేదమ్మా. ఇవాళ పది నలభైకి లైను పునరుద్ధరించారు. ఫిర్యాదు దానంతటదే మూతపడింది. పది నలభై ఆరుకి వినియోగదారుడితో సర్వే కూడా అయిపోయింది."

తలుపు దగ్గర నిచ్చెన కిందపడిన చప్పుడైంది. మావాడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉన్నాడు. లైనుకి ప్రాణం రాగానే కంప్యూటరు ఫిర్యాదు మూసేస్తుందనీ, వెంటనే సర్వే ఫోను పోతుందనీ వాడికంటే బాగా తెలిసినవాడు ఈ ఊళ్ళో లేడు. నాకూ తెలుసు. ఇద్దరం మరిచాం. పాపం కడుక్కునే తొందరలో నా చేతులతో నేనే అర్జీ గొంతు నులిమేశాను.

"ఎన్ని మార్కులండీ?" ఆఫీసరమ్మ మెత్తగా అడిగింది. ఆవిడ చెయ్యి ఫైలు మీంచి తీసేసింది. ఇక ఆ కాగితంతో ఆవిడకి పని లేదు.

"పది," అన్నాడు పెద్దాయన.

"అవునండీ, నేనే ఇచ్చాను," అని మాస్టారు లేచి నిలబడ్డారు. హాలంతా ఆయన వైపు తిరిగింది. "బయల్దేరబోతుంటే ఫోను మోగిందండీ. పదకొండు నెలల తరవాత మోగింది. మా ఆవిడ ఫొటో దగ్గరే ఉంటుంది ఆ ఫోను. తీస్తే ఎవరో అమ్మాయి, ఎన్ని మార్కులిస్తారు అంది. మన నిచ్చెనకి పర్మనెంటు కావాలి కదా. కుర్రాడు ఎంత కష్టపడ్డాడో, ఇవాళ విచారణ అని తెలిసి పొద్దున్నే బాగుచేసి పెట్టాడు. పది వేసుకో తల్లీ అన్నాను. తప్పా?"

ఎవరూ తప్పనలేదు. వాళ్ళల్లో పది వేయనివాళ్ళు ఒక్కరూ లేరు.

"పెండింగులో ఫిర్యాదు లేదు కనక అర్జీ కొట్టివేయడమైనది," అని విచారణాధికారి దగ్గుతూ కలం మూత పెట్టాడు. అంతే. ఐదేళ్ళు. టైలరమ్మ కూలబడిపోయింది. జనం బల్లల్లోంచి కాళ్ళు విడిపించుకుని లేవడం మొదలుపెట్టారు, సినిమా మధ్యలో ఆగిపోయినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ.

మాస్టారు కూర్చోలేదు. నా దగ్గరికి నడిచి వచ్చారు, కుంటుకుంటూ.

"అమ్మాయ్, ఒక్క మాట నాకు అర్థం కాలేదు. నీకు ఈ సంగతులు తెలుసు కదా, నువ్వే చెప్పాలి."

"చెప్పండి మాస్టారూ."

"ఇంతకాలం మా లైను చచ్చి ఉందిగా అన్నాను ఆ ఫోనులో అమ్మాయితో. లేదండీ, కంప్యూటర్లో మీ పేరు మీదున్న లైను మీద పదకొండు నెలలుగా రోజూ వాడకం ఉంది, ఒక్క రోజు కూడా ఆగలేదు అంది." ఆయన మొహంలో ఆ వెలుగు ఇంకా పూర్తిగా ఆరలేదు. "ఆవిడ పోయిన తారీఖు చెప్పి అడిగాను. ఆ రోజు మధ్యాహ్నం కూడా ఉందిట తల్లీ. ఎవరమ్మా వాడింది?"

లేచి వెళ్తున్నవాళ్ళంతా ఆగిపోయారు. అప్పుడు చూసుకున్నాను. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది, ఆపలేదు.